మూడు గంటల కారు

సాలమోను కారు కింద వెల్లకిలా పడుకుని, ఊడదీసిన రబ్బరు పైపు కొసని నోట్లో పెట్టుకుని గట్టిగా ఊదాడు. బుగ్గలు ఉబ్బాయి గాని గాలి అవతలికి పోలేదు. నాలిక మీద డీజిలు చేదు తగిలింది. ముప్ఫయ్యేళ్ళుగా అలవాటైన చేదే. పక్కకి ఉమ్మి, పైపుని వెలుతురులోకి తిప్పాడు. ఎడమకన్ను మసకేసి ఏడాది దాటింది కాబట్టి వేళ్ళతో కూడా తడిమాడు. మధ్యలో ఒకచోట మడతపడి నొక్కుకుపోయి ఉంది. ఇదివరకెవరో జానెడు పొడవెక్కువ పైపు వేసి, పట్టక, వంచి బిగించేశారు. ఇంజను వేడికి రబ్బరు మెత్తబడి ఆ మడత దగ్గరే అతుక్కుపోయింది.

"దొరికిందాండీ?" అన్నాడు దుర్గారావు పైనుంచి. మామిడికుదురులో కిరాయికి తిరిగే ఆ పాత డీజిల్ అంబాసిడర్ అతనిదే. పొద్దున్న పాశర్లపూడి దగ్గర రెండుసార్లు ఆగిపోతే తోయించుకుంటూ షెడ్డుకి తెచ్చాడు. "మూడింటికల్లా బయల్దేరాలండి. మీ ఆవిడగారి రైలు రాజమండ్రిలో ఏడున్నరకండి మరి."

సాలమోను ఆ మడతని గోటితో గీకాడు.

ఆ కారులోనే అతని భార్య సువర్ణ వెళ్ళిపోతోంది. రాజమండ్రిలో మద్రాసు రైలెక్కి, అక్కణ్ణించి కువైట్‌కి. ఎవరింట్లోనో వంటపని, రెండేళ్ళు. తొంభైయారు తుఫానుకి వాళ్ళ పెంకుటిల్లు కూలిపోయి మూడేళ్ళయింది. అప్పట్నించీ తాటాకు పాకలోనే కాపురం. వానొస్తే మంచం ఎటు జరపాలో తెలియదు. పిల్లల్లేరు. పాత డీజిలు కార్లు తగ్గిపోయి, అతని షెడ్డుకి వారానికొక బండి రావడమే గగనమైంది. ఒకరోజు సువర్ణ తనంతట తానే అమలాపురం వెళ్ళి పాస్‌పోర్టుకి ఫొటో దిగొచ్చింది. "గోడలు లేపడానికి సరిపోగానే వచ్చేస్తానండి" అంది. అతను కాదనలేదు. అవుననీ అనలేదు.

"ఇవ్వాళ అవదండి" అన్నాడు సాలమోను కారు కింద నుంచే. "ఈ సైజు పైపు అమలాపురంలో కూడా దొరకదండి."

అబద్ధం. పైపు షెడ్డులో రేకుపెట్టె అడుగునే ఉంది.

దుర్గారావు గడియారం చూసుకున్నాడు. "అయితే రాజోలు వెళ్ళి శ్రీరాముల్ని అడుగుతానండి. వాడి జీపుకి బ్రేకులు సరిగా పడవు గానీ ఏం చేస్తామండీ, రైలు పోతుంది కదా."

రావులపాలెం దాకా కాలవగట్టు రోడ్డు, దాని మలుపులు సాలమోను కళ్ళ ముందు తిరిగాయి. పక్కకి దొర్లి బయటికొచ్చాడు.

"వద్దులెండి. పాత సామాన్లో ఉందేమో చూస్తాను."

దారంతో కొలత తీసుకుని, కొత్త పైపుని ఒక్క వేటున కోశాడు. ఎక్కడా మడత పడకుండా, ఇంజను వేడికి ఎడంగా, నిదానంగా వంపు తిప్పి రెండు కొసలా క్లిప్పులు బిగించాడు. ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి, లోపల పట్టిన గాలి పోయేదాకా, డీజిలు తోసే చిన్న చేతిపంపు కొట్టసాగాడు. ముందు నురగ వచ్చింది, తర్వాత బుడగలు.

అప్పుడే సువర్ణ క్యారేజీ పట్టుకుని వచ్చింది. ఆవిణ్ణి చూసి దుర్గారావు టీ వంక పెట్టుకుని రోడ్డు మీదికి వెళ్ళిపోయాడు.

"పని ఎక్కడికీ పోదు గానీ, తినేసి చేసుకోండి" అంది. అతని చేతులు మోచేతుల దాకా డీజిలే. ఆవిడే చేపల పులుసు కలిపి ముద్ద అందించింది. ఇరవై నాలుగేళ్ళ కాపురంలో అదే మొదలు. అతను నోరు తెరిచాడు.

"కన్ను చూపించుకోండి. ఆదివారం గుడిలో ప్రార్థన మానేయకండి."

"ఆయ్."

"కారు మళ్ళీ ఆగిపోదు కదా?"

"నిన్ను దింపేదాకా ఆగదు."

సువర్ణ ఇంకో ముద్ద కలిపింది.

సరిగ్గా మూడింటికి కారు పాక ముందు ఆగింది. అదే రైలుకి వెళ్ళే ఇద్దరు ఆడవాళ్ళు అప్పటికే సంచులతో వెనక కూర్చున్నారు. ముందుసీట్లోనూ మూటలే; వెనక ఇంకొక మనిషికే చోటుంది. సాలమోను బానెట్ ఎత్తి, తాను బిగించిన పైపుని కొస నుంచి కొసకి తడిమాడు. వేళ్ళకి తడి తగల్లేదు. బానెట్ వేశాడు.

"వెళ్ళొస్తానండి" అంది సువర్ణ.

ఆవిడ ఎక్కాక తలుపు అతనే వేశాడు. కారు మలుపు తిరిగాక కళ్ళు మూసుకుని ఇంజను చప్పుడే వింటూ నిలబడ్డాడు. కాలవ వంతెన ఎక్కేటప్పుడు కూడా అది ఒక్కసారైనా తడబడలేదు. చప్పుడు పూర్తిగా వినబడకుండా పోయాక వెనక్కి తిరిగాడు.

పాక వసారాలో గుంజకి, పొద్దున్న స్నానానికి లేచేదాకా సువర్ణ పేనుతూ కూర్చుని సగంలో వదిలేసిన కొబ్బరితాడు వేలాడుతోంది. దాని చివర, పేనడానికి నానబెట్టిన పీచు రెండు పాయలుగా విడిపోయి, ఇంకా తడిగానే ఉంది.