రెండో వృత్తం

అరకు కొండల్లోని బడిలో లెక్కలు చెప్పే తెరిసమ్మకు కోపం ముక్కుమీదే ఉంటుంది. ఎనిమిదో తరగతి పిల్లలకు చికెన్ వండే వెదురుబొంగును బోర్డుమీద గీసి, సంపూర్ణతల వైశాల్యం కట్టమంది. సుమ వక్రతల వైశాల్యానికి ఒక్క వృత్తాన్నే కలిపింది.

"రెండో వృత్తం ఏదే గుంటా?" అని టీచర్ కసిరింది.

"బొంగుకి కింద కణుపు ఉంటాది టీచరుగారూ. పైన ఏటీ ఉండదు, ఆకులు కుక్కుతాం."

"పుస్తకంలో రెండున్నాయి. రెండూ ఉండాల్సిందే!"

మర్నాడు మధ్యాహ్నం సుమ ఇంటినుంచి పొగలు కక్కే బొంగు చికెన్ తెచ్చిచ్చింది. మైదానం మనిషి తెరిసమ్మ, ఎలా తెరవాలో తెలియక బొంగును అటూ ఇటూ తిప్పింది.

"మీ రెండో వృత్తం బేగి లాగెయ్యండి టీచరుగారూ, కూర సల్లారిపోతాది!"