మేబెల్ ఫోల్డరు

శుక్రవారం పదో స్టెప్పు పూర్తయ్యేసరికి పొద్దున పదిన్నర దాటింది. జకర్యా కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, కొత్త లాప్‌టాప్ తెర మీద నీలిగీత కుడివైపు అంచుకి చేరేదాకా కదలకుండా చూశాడు. చేరింది. పక్కన తెరిచి పెట్టుకున్న రూళ్ల నోటుపుస్తకంలో పది అంకె ఎదురుగా పెన్సిల్‌తో టిక్కు కొట్టాడు.

ఆ పుస్తకంలో మొత్తం పదిహేడు స్టెప్పులు. కొత్తగా చేరినవాళ్ల కంప్యూటర్‌లో ఏ టూల్ ముందు ఎక్కించాలి, దేని తర్వాత మెషీన్‌ని ఆపి మళ్లీ ఆన్ చేయాలి, ఎర్రగీతలు వస్తే ఏ పెట్టెలో టిక్కు తీసేయాలి, అన్నీ గుండ్రటి అక్షరాలతో రాసి ఉన్నాయి. పదకొండు ఎదురుగా మాత్రం ఏమీ లేదు. ఒక చుక్క, అంతే.

సి డ్రైవ్ తెరిచి, యూజర్స్‌లోకి వెళ్లి, కొత్త ఫోల్డరు చేశాడు. దానికి పేరు అడిగింది. ఒక్క చూపుడువేలితో, ఒక్కో అక్షరం చూసుకుంటూ కొట్టాడు. మేబెల్.

"సార్, నా పేరు సింధూర కద?"

వెనక్కి తిరిగాడు. సోమవారం చేరిన అమ్మాయి. అమ్మాయి అని అతను అనుకోవడమేగాని ముప్పై నాలుగేళ్లుంటాయి. ఇద్దరు పిల్లల్ని బడికి వెళ్లేంత వాళ్లని చేసి, ఆరేళ్ల తర్వాత మళ్లీ ఉద్యోగంలోకి వచ్చింది. టిఫిన్ సంచీ ఇంకా భుజానికే ఉంది.

"ఇది నీ పేరు కాదులేమ్మా. ఈ ఫోల్డరు లేకపోతే ప్రాజెక్టు తెరుచుకోదు. దీన్లో ఒక ఫైలు పెట్టాలి."

"ఎవరు సార్ మేబెల్?"

"ఇక్కడే పనిచేసేది."

"ఇప్పుడు లేరా?"

"లేదు."

ఆ మాటకు రెండర్థాలున్నాయి. సింధూర మామూలు అర్థమే తీసుకుని తన కుర్చీ దగ్గరికి వెళ్లిపోయింది.

చిలకలగూడ చౌరస్తాకి అవతల, మందుల షాపు మీద రెండో అంతస్తులో ఉంటుంది ఆ ఆఫీసు. రక్తపరీక్షల కేంద్రాల్లో రిపోర్టులు ముద్రించే ప్రోగ్రాము ఒక్కటే వాళ్ల సరుకు. పద్నాలుగు మంది ఉంటారు. జకర్యా ప్రోగ్రాము రాయడు. రాసేవాళ్ల కంప్యూటర్లు మొండికేస్తే కదిలిస్తాడు. తెనాలి దగ్గర్నుంచి పాలిటెక్నిక్ డిప్లొమాతో వచ్చి, జేమ్స్ స్ట్రీట్‌లో టైప్‌రైటర్లు బాగుచేస్తూ మొదలుపెట్టినవాడు. టైప్‌రైటర్లు పోతే ప్రింటర్లు, ప్రింటర్ల నుంచి కంప్యూటర్లు. బరువులు మోసి మోసి ఎడమ భుజం కాస్త కిందికి దిగిపోయింది. ఇప్పుడు యాభై ఎనిమిది. మౌలాలిలో ఇల్లు. భార్య రోసమ్మ అక్కడి బడిలో మూడో తరగతికి చెప్తుంది. బడిలో పిల్లల పేర్లన్నీ ఆమెకి తెలిసినట్టు, ఈ ఆఫీసులో ఏ మెషీన్‌కి ఏ జబ్బుందో అతనికి తెలుసు.

నాలుగేళ్లలో ఇరవై మూడు మెషీన్లు తయారుచేశాడు. ఇరవై మూడింటిలోనూ మేబెల్ ఉంది. ఎవరైనా ఉద్యోగం మానేస్తే వాళ్ల మెషీన్‌ని తుడిచేసేవాడు. ఆమె కూడా తుడిచిపెట్టుకుపోయేది. మర్నాడు మళ్లీ తనే చేసేవాడు. ఎప్పుడైనా ఎవరో తెలియక ఆ ఫోల్డరు తీసేస్తే తెరంతా ఎర్రబడేది. దాంట్లో మొదటి వరుసలో ఆమె పేరుండేది. హాలు చివర్నుంచి కేకేసేవాళ్లు: "జకర్యా సార్, మేబెల్ దొరకట్లేదంట!"

అలా కేక వినిపించినప్పుడల్లా చేతిలో పని వదిలేసి లేచేవాడు. "వస్తున్నా" అనేవాడు.

పన్నెండింటికి ఉదయ్ భాస్కర్ వచ్చాడు. ఆఫీసు వ్యవహారాలన్నీ చూసేది అతనే. మంచివాడే. కూర్చోకుండా, బల్ల అంచుని వేళ్లతో తడుతూ మాట్లాడతాడు.

"జకర్యా గారూ, ఇవాళ సాయంత్రానికి ప్రాజెక్టుని కొత్త సర్వర్‌కి ఎక్కించేద్దామండి. ఇకనుంచి ఎవరి మెషీన్లో ఏమీ పెట్టక్కర్లేదు. అందరూ అక్కడే పని చేసుకుంటారు. సింధూర చూసుకుంటుంది, మీరు పక్కనుండండి చాలు."

"అలాగేనండి."

"మీ సంగతి... ఈ నెలాఖరులో కూర్చుని మాట్లాడుకుందాం."

"అలాగేనండి" అన్నాడు మళ్లీ. సెటప్ అక్కర్లేని చోట సెటప్ చేసేవాడితో ఏం మాట్లాడతారో అతనికి తెలియనిది కాదు.

ఒంటిగంటకల్లా సింధూర అతని గదిలోకి వచ్చింది. వెనకవైపు, ఏసీ ఎప్పుడూ ఆగని చిన్న గది, జకర్యా స్వెట్టర్ వేసుకునే కూర్చుంటాడు. ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని స్టూలు మీద కూర్చుంది.

"సార్, సర్వర్ల సి డ్రైవే ఉండదు. మీ మేబెల్ ఫోల్డర్ అక్కడ అయితలేదు. తీసేస్తా. రెండు నిమిషాల పని."

జకర్యా నీళ్లు తాగాడు. గ్లాసు కింద పెట్టడానికి చోటు వెతుక్కున్నాడు.

"తీసేయొచ్చు" అన్నాడు.

"మీకు తెలుసా ఎట్ల తీయాల్నో?"

"తెలుసమ్మా. ఒక్క లైను మార్చాలి. ఫైలు ప్రాజెక్టులోనే పెట్టేయాలి."

"మరి నాలుగేండ్ల నుంచి ఈ తక్లీఫ్ ఎందుకు పడుతున్నరు సార్?"

తలుపు వేసే ఉంది. అయినా అతను ఒకసారి అటు చూశాడు. ఇంతవరకు రోసమ్మకి కూడా చెప్పని మాట అది. ఎందుకు నోరు తెరిచాడో అతనికే తెలీదు. ఇక దాచిపెట్టడానికి చోటు కూడా మిగలదనిపించిందేమో.

"కరోనా రెండోసారి వచ్చినప్పుడు. ఏప్రిల్ పద్దెనిమిది, ఆదివారం. అన్ని ల్యాబులకీ కొత్త రిపోర్టు కావాలన్నారు, మర్నాటికల్లా. ఇక్కడున్న మెషీన్ పాడైపోయింది. నేను కొత్తది పెట్టి ప్రాజెక్టు దించాను. తెరుచుకోలేదు. పొద్దున్నుంచి కుస్తీ పట్టాను. ఏదో ఫైలు లేదంటుంది. ఆ ప్రోగ్రాము రాసేవాళ్లంతా ఇళ్లల్లో ఉన్నారు. మేబెల్ అల్వాల్‌లో ఉండేది. ఫోన్ చేశా. ఒక్కసారి వస్తావా అమ్మా అన్నా."

సింధూర లాప్‌టాప్ మూత సగం దించింది.

"వచ్చింది. ఆ కిటికీ పక్కన కూర్చుంది. ఫైలు వాళ్లింటి లాప్‌టాప్‌లో ఉంటే పట్టుకొచ్చి, తన పేరు మీద ఫోల్డరు పెట్టి, అక్కణ్నుంచి పని జరిగేట్టు చేసింది. సాయంత్రం నాలుగైంది. గదిలో ఆరుగురం ఉన్నాం. తలుపులన్నీ మూసి, ఏసీ వేసుకుని. రెండు వారాలకి పోయింది. ముప్పై ఒకటో ఏడు."

సింధూర కిటికీ వైపు చూసింది.

"తర్వాత పాత డిస్కు విప్పి చూస్తే ఆ ఫైలు దాంట్లోనే ఉంది. నేనే కాపీ చేయడం మర్చిపోయా. ఒక్క ఫైలు. ఆ ఒక్కటి నేను చూసుకునుంటే ఆ పిల్లకి ఫోన్ చేసే పనే లేదు." కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. "ఆ లైను ఎలా తీసేయమంటావు? తీస్తే ఇక్కడ ఇంకెక్కడుంది ఆమె?"

సింధూర లాప్‌టాప్ మూత మళ్లీ ఎత్తి, ఆ ఫైలు పుట్టుపూర్వోత్తరాలు వెతకడం మొదలుపెట్టింది. ఏ మార్పు ఎవరు, ఏరోజు చేశారో ప్రాజెక్టు తనంతట తనే రాసిపెట్టుకుంటుంది. జకర్యా ఆ చిట్టా ఏనాడూ తెరవలేదు. తప్పు తనదేనని తెలిసినవాడు సాక్ష్యం వెతుక్కోడు.

"సార్. ఇది జెర చూడండి."

అతను వంగాడు.

"ఈ ఫైల్‌ని ప్రాజెక్ట్ నుంచి ఏప్రిల్ పన్నెండున తీసేసిండ్రు. ఆదివారం కంటే ఆరు రోజుల ముందు. మీరు కొత్త మెషీన్ల దించుకున్నప్పుడు అది లేకుండనే వచ్చింది. పాత మెషీన్‌కి ఆ మార్పు చేరలే, గందుకే దాంట్ల మిగిలింది. మీరు మర్చిపోవుడు కాదు సార్."

"ఎవరు తీశారు?"

సింధూర వేలు తెర మీద ఆగింది. ఆ వరుస చివర పేరు అతను చదువుకున్నాడు. ఆ పేరు చదవడం అతనికి కొత్త కాదు.

దాని కింద ఇంకో వరుస ఉంది. ఏప్రిల్ పద్దెనిమిది, మధ్యాహ్నం మూడు యాభై రెండు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు: 'పోయిన వారం నేనే పొరపాటున తీసేశా. ఇప్పటికి నా ఫోల్డరు నుంచి. తర్వాత సరిచేస్తా.'

జకర్యా దాన్ని మూడుసార్లు చదివాడు. ఆరోజు తను ఎన్నిసార్లు అన్నాడు, నిన్ను అనవసరంగా రప్పించానమ్మా అని? టీ ఇచ్చినప్పుడు అన్నాడు. కరెంటు పోయినప్పుడు అన్నాడు. మెట్లు దిగుతుంటే వెనకాలే వెళ్లి అన్నాడు. ఆమె మాస్కు వెనక నవ్వి, "పర్లేదంకుల్, పర్లేదు" అంది. తన పొరపాటేనని మధ్యాహ్నానికే ఆమెకి తెలిసిపోయి ఉంటుంది. చెప్పడానికి సిగ్గుపడిందా? రేపు చెప్పొచ్చులే అనుకుందా?

"మీ తప్పు కాదు సార్" అంది సింధూర మెల్లగా.

"ఫోన్ చేసింది నేనేగా."

సింధూర లాప్‌టాప్‌ని అతని ఒళ్లోకి జరిపింది. "మీరే తీయండి సార్."

అతను ఆ లైను ముందు కర్సర్ పెట్టాడు. ఇన్నేళ్లూ చూపుడువేలితో ఒక్కో అక్షరం కొట్టినవాడు, ఇప్పుడూ ఒక్కో అక్షరమే చెరిపాడు. ఫైలుని ఉండాల్సిన చోట పెట్టాడు. సింధూర సర్వర్‌కి ఎక్కించింది. తెర మీద వరుసలు గబగబా పైకి పోయాయి. ఎక్కడా ఎరుపు లేదు. చివర పచ్చటి అక్షరాలొచ్చాయి. ఏ పేరూ అడగలేదది.

"అయిపోయిందా?"

"అయింది సార్."

అతను మామూలుగా ఆరింటికి బయల్దేరేవాడు. ఆరోజు నాలుగున్నరకే లేచాడు. హాల్లో ఎవరూ గమనించలేదు. చౌరస్తాలో మౌలాలి బస్సు నిలబడే ఉంది గాని ఎక్కలేదు. పండ్ల బండి పక్కకి జరిగి, ఫోనులో జెఫ్రీ నంబరు తీశాడు. మేబెల్ భర్త. ఖననానికి నలుగురికి మించి రావొద్దన్నారు కనుక అప్పుడు వెళ్లలేదు. తర్వాత వెళ్లడానికి కాళ్లు రాలేదు.

రెండు రింగులకే ఎత్తాడు.

"జెఫ్రీ గారా? నేను జకర్యానండి, మేబెల్ ఆఫీసులో..."

"గుర్తున్నరు సార్. చెప్పండి."

"ఆ ఆదివారం ఆమెని ఆఫీసుకి రమ్మని పిలిచింది నేనండి. మీకు చెప్పాలి కదా. చెప్పలేదు."

అవతల ఎక్కడో కుక్కర్ కూత వేసింది.

"ఎరుకే సార్. స్పీకర్‌ల పెట్టి మాట్లాడింది. నేను పక్కనే ఉన్న."

"నేను పిలవకపోతే..."

"నెల రోజులాయె అప్పటికి ఇంట్ల కూసొని. తల దువ్వుకుంట పాటలు పాడింది ఆ పొద్దు. అంత ఖుషీగ చూడలే నేను మళ్ల." కుక్కర్ మళ్లీ కూసింది. "మీ గేట్ కాడ బండి మీద దింపింది నేనే కద సార్."

జకర్యా పండ్ల బండి కర్రని పట్టుకున్నాడు. ఇద్దరూ ఫోను పెట్టేయలేదు. రెండు బస్సులు హారన్లు కొట్టుకుంటూ పోయాయి.

"తిన్నరా సార్?" అన్నాడు జెఫ్రీ చివరికి.

"తిన్నానయ్యా. నువ్వు?"

"తింట."

ఆ రాత్రి రోసమ్మకి అంతా చెప్పాడు. ఆమె విని, అతని చెయ్యి తన ఒళ్లోకి తీసుకుని, నాలుగేళ్లుగా నిద్రలో ఆ పేరు పలుకుతున్నావు, అడిగితే నొచ్చుకుంటావని ఊరుకున్నాను అంది.

సోమవారం జకర్యా ఆఫీసుకి రాలేదు. రెండు వాక్యాల మెయిల్ వచ్చింది: సర్వర్ పనిచేస్తున్నది కనుక ఇక నా అవసరం లేదు, ఇన్నాళ్లూ ఆదరించినందుకు కృతజ్ఞతలు. ఉదయ్ భాస్కర్ దాన్ని నిలబడే చదివి, "నెలాఖరు దాకా ఉండమనేవాణ్ణి కదా" అన్నాడు, ఎవరితోనో తెలియకుండా. మధ్యాహ్నానికి ఆ మాట కూడా మర్చిపోయారు. ఆ రోజు ఎవరి తెరా ఎర్రబడలేదు. ఎవరూ ఎవర్నీ కేకేయలేదు.

సాయంత్రం సింధూర వెనక గదిలో ఏసీ ఆపేద్దామని వెళ్లింది. బల్ల మీద అన్నీ సర్ది ఉన్నాయి. కుర్చీ వెనక మేకుకి రోసమ్మ అల్లిన బూడిదరంగు స్వెట్టర్ ఒకటి వేలాడుతోంది, చేతులు రెండూ మోచేతుల దగ్గర వంగి, కీబోర్డు ఎత్తున ఆగిపోయి.