పోచమ్మ గుడి గడప

పెంటయ్య రాయి మీద నీళ్లు చిలకరించి, దుమ్ము అణిగాక ఉలి ఆనించాడు. కొండాపూర్ పోచమ్మ గుడికి కొత్త గడప అది. ముక్కుకు తువ్వాలు చుట్టుకుని, బాసింపట్టు వేసుకుని తెల్లవారినప్పటి నుంచి చదును చేస్తున్నాడు. ఎడమ బొటనవేలికి గోరు ఊడి ఎన్నేళ్లయిందో ఆయనకే గుర్తు లేదు. కనురెప్పలు తెల్లబడ్డాయి, కొంత వయసు, కొంత రాతిపొడి. దగ్గు తెర వచ్చినప్పుడల్లా ఉలి పక్కన పెట్టి, ఇంటికొచ్చిన చుట్టాన్ని సాగనంపినంత ఓపిగ్గా కూర్చుంటాడు. ఆ దగ్గు ఇక తగ్గేది కాదని పట్నం దవాఖానలో చెప్పేశారు.

చావంటే ఆయనకు ఫికరు లేదు. ఫికరంతా గుట్ట పక్కన శ్మశానంలో చోటు గురించే. నిరుడు కరువులో పోయిన భార్య చంద్రమ్మ అక్కడే ఉంది. ఆమె కడదాకా పోచమ్మకే మొక్కింది కాబట్టి ఊరు అడ్డు చెప్పలేదు. ఏసును నమ్మిన పెంటయ్యకు ఆమె పక్కన చోటిస్తారా? అడిగితే ఊరిపెద్ద రాజయ్య పటేల్, "నాదేముంది పెంటయ్యా, మా రామచంద్రం ఒప్పుకుంటె సాలు" అన్నాడు.

ఈ రామచంద్రం రాజయ్యకు తమ్ముడు. రోజుకొక వాదం గెలవనిదే అన్నం అరగని మనిషి. పొద్దెక్కగానే నలుగురిని వెంటేసుకుని గుడి దగ్గరికి వచ్చాడు.

"ఏందే పెంటయ్యా, ఏసును నమ్మి ఇన్నేండ్లాయె. ఓ యోహానో, యాకోబో పెట్టుకోక ఇంక గీ పెంటయ్య ఏంది? మీ దేవునికి సిగ్గనిపియ్యదా?"

వెంట వచ్చినవాళ్లు నవ్వారు. పెంటయ్య కూడా నవ్వాడు.

"నా ముందు పుట్టినోళ్లు ఒక్కరు గూడ దక్కలే పటేలా. నేనన్న బతకాలె అని మా అవ్వ నన్ను పెంటకుప్ప మీద పండవెట్టి గీ పేరు పెట్టింది. మా ఏసయ్య గూడ పుట్టంగనే పశువుల తొట్టిల పండిండు. ఆయినకేం సిగ్గు?"

మళ్లీ నవ్వారు, ఈసారి పెంటయ్య వైపు చేరి నవ్వారు. రామచంద్రానికి అది నచ్చలేదు.

"గట్లనా? అయితే గిది చెప్పు. లోపలున్న మా పోచమ్మ దేవతా, రాయా? ఒక్క మాటల చెప్పాలె."

నవ్వులు ఆగిపోయాయి. దేవత అంటే ఆదివారం ప్రార్థనకు ఏ మొహంతో పోవాలి? రాయి అంటే చంద్రమ్మ పక్కన చోటు దక్కదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు. పాపం, పెంటయ్య కోరుకున్నది ఆ గొయ్యే.

ఆయన తలెత్తలేదు. పట్టిన వరస చివరిదాకా కొట్టి, పొడి ఊది, అప్పుడు ఉలి దించాడు.

"అబద్ధమెందుకు పటేలా, నేను మొక్కేది ఏసయ్యకే. సచ్చేదాక గంతే. చంద్రమ్మ పోచమ్మకు మొక్కింది. ఒక్క పొయ్యి మీద వండుకొని తిన్నం. నువ్వడిగిన మాట నేను ఆమెను అడగలే, ఆమె నన్ను అడగలే. మీరు అమ్మా అని పిలిచేటామెను ఏమన్న అనుమని ఏసయ్య నాకు నేర్పలే."

"మరి గీ గడప ఎందుకు చెక్కుతున్నవ్?"

"కరువుల నా చెలిమ ఎండితె, గీ గుడి బాయి నీళ్లు నా కుండల పోసింది మీ ఆడోళ్లే. చంద్రమ్మను మోసిన భుజాలల్ల నీదొకటి. గా మేలు మరిస్తె గప్పుడు సిగ్గుపడతడు మా ఏసయ్య."

రామచంద్రం చెయ్యి తనకు తెలియకుండానే భుజం మీదికి పోయింది.

పెంటయ్యకొక అలవాటుంది. రోలైనా, తిరగలైనా, గడపైనా చివరి దెబ్బ తను కొట్టడు. ఇంటివాళ్ల చెయ్యి పడితే తప్ప రాయి ఇంటిది కాదంటాడు. ఉలి, సుత్తి రామచంద్రానికి అందించాడు.

"కొట్టు పటేలా. జర మెల్లగ."

రామచంద్రం గట్టిగానే కొట్టాడు. ఉలి జారి అంచున వంకర గాటు పడింది. అతని మొహం వాడిపోయింది.

"ఉండనీ. ఇగ గిది మీదే" అన్నాడు పెంటయ్య.

రామచంద్రం వెళ్లిపోయాడు. ఆ తొందరలో ఉలి చేతిలోనే ఉండిపోయింది. పొద్దు వాలుతుండగా పెంటయ్య బండకు ఆనుకుని కాళ్లు చాపాడు. హఫీజ్‌పేట్ వైపు నుంచి రైలు కూత వినిపించింది. పని దొరికిన ఊరికి, నీళ్లిచ్చిన బావికి, చంద్రమ్మ చేతి జొన్నరొట్టెకు, పూర్తయిన గడపకు, ఒక్కొక్కటీ పేరుపేరునా తలచుకుని దేవుడికి వందనాలు చెప్పుకున్నాడు. ఆ వందనాలు పూర్తయ్యాయో లేదో మనకు తెలియదు.

తెల్లారి ఉలి తిరిగి ఇద్దామని వచ్చిన రామచంద్రమే మొదట చూశాడు. చల్లబడ్డ ఆ చేతిని తాకి, ఉలిని గడప మీద పెట్టాడు. తరువాత ఎవరినీ అడగకుండా, అన్నను కూడా అడగకుండా, గడ్డపార తీసుకుని గుట్ట పక్కకు పోయి చంద్రమ్మకు కుడివైపున తవ్వడం మొదలుపెట్టాడు.

గడపను గుడికి అమర్చాక కూడా ఉలి మాత్రం దాని మీదే, ఆ వంకర గాటు పక్కన ఉంది. పసుపు రాయడానికి వచ్చే ఆడవాళ్లు దాన్ని జరపకుండా చుట్టూ రాసి పోతున్నారు.