మూడు నీళ్ళ ఇసుక

"గుమ్మంలో ఇసుక నువ్వు కాకపోతే ఎవరు పోశారే? మీ తాతయ్యా?"

"నేను కాదన్నానా? బూట్లోంచి పడిందన్నాను. పడటం వేరు, పొయ్యడం వేరు."

"తుడిచేదాన్ని నేను. నాకు రెండూ ఒకటే."

శనివారం పొద్దున్నే చీపురు దగ్గర తల్లీకూతుళ్ళకి మొదలైంది. కూతురికి పదిహేడేళ్ళు. గుమ్మం దాటేటప్పుడు తల వంచుకోవలసినంత పొడుగు. బాస్కెట్‌బాల్ క్లబ్బులో అందరూ దాన్ని నిచ్చెన అంటారు. కోపం వచ్చినప్పుడు తల్లి కూడా అదే పేరుతో పిలుస్తుంది.

"నాలుగు రోజుల్నుంచీ చూస్తున్నానే నిచ్చెనా. రోజూ ఇదే చోట చెంచాడు ఇసుక. ఆడేది సిమెంటు కోర్టు మీద. ఇసుకెక్కడిది నీకు? కొనుక్కొస్తున్నావా?"

"బాస్కెట్ స్టాండు వెనక బూట్లు విప్పుతాను కదమ్మా. అక్కడుంటుంది, చీమలు పెట్టిన పుట్టలాగా."

"స్టాండు వెనకా?"

"పొట్ట కింద. ఇంక అరవకు, ఫొటోకి టైమైపోతోంది." బూట్లు చేత్తో పట్టుకునే పరిగెత్తింది.

ఆమె చేతిలో చీపురు ఆగిపోయింది.

పొట్ట అంటే ఏమిటో ఆ చుట్టుపక్కల బాస్కెట్‌బాల్ ఆడే ప్రతి ఇంటికీ తెలుసు. యాభై ఏళ్ళ కిందట, ఓడరేవు పక్కన ఒక వర్క్‌షాపు ఆవరణలో ఆమె మామగారు మొదటి రెండు స్టాండ్లు చేశాడు. ఆయన అక్కడ వెల్డరు. పగలంతా ఆ ఆవరణలో లారీలు ఆగేవి కాబట్టి స్టాండుని నేలలో పాతడానికి లేదు. అందుకని చక్రాల మీద నిలబెట్టాడు. బోర్డూ రింగూ చాచిన చెయ్యిలాగా కోర్టు మీదికి వస్తాయి. ఆ బరువుకి ముందుకి తూలిపోకుండా వెనక ఒక ఇనప పెట్టె, పెట్టె నిండా సముద్రపొడ్డు ఇసుక. ఆ పెట్టెకే పొట్ట అని పేరు పడింది. రెండో క్లబ్బు పెట్టినప్పుడు మొదటి క్లబ్బు స్టాండులోంచి ఒక బస్తా తీసి వాళ్ళకిచ్చారు. మిగతాది ఒడ్డునుంచి తెచ్చుకుని, ఆటగాళ్ళు తలో దోసెడూ పోసి చప్పట్లు కొట్టారు. అప్పట్నుంచి ఏ కొత్త క్లబ్బు పుట్టినా అంతే. మిల్లు వాళ్ళు పెట్టుకున్నారు, నర్సులు పెట్టుకున్నారు, బడిపిల్లలు పెట్టుకున్నారు. ఇప్పటికి ముప్పై ఒకటి. అన్ని స్టాండ్లూ మామగారి చేతి పనే.

ఈ చరిత్రంతా ఆమె నాలుక చివరే ఉంది. యాభయ్యో ఏటి పుస్తకం రాస్తున్నది ఆమే. క్లబ్బులన్నిటి సంఘానికీ కార్యదర్శి ఆమె భర్త. "డిగ్రీ చదివినదానివి, నువ్వు రాస్తేనే తప్పుల్లేకుండా వస్తుంది" అంటూ పాత కాగితాల అట్టపెట్టెలు మూడు తెచ్చి భోజనాల బల్ల మీద పడేశాడు. మర్నాడు ఆదివారం. ఉదయం తొమ్మిదింటికి ముప్పై ఒక్క కోర్టుల్లోనూ ఒకేసారి ఆట మొదలవుతుంది.

పొట్టలోంచి ఇసుక కారుతోందంటే అడుగు పోయినట్టే. పొట్ట ఖాళీ అవుతున్నట్టే. ఆమె పొయ్యి కట్టేసి, చెప్పుల్లో కాళ్ళు పెట్టి, సందు చివర ఉన్న కోర్టుకి వెళ్ళింది.

స్టాండు వెనక నిజంగానే చిన్న కుప్ప ఉంది. పెట్టె అడుగు అంచున తుప్పు పెచ్చులు పెచ్చులుగా లేచి ఉంది. వేలు పెడితే రేకు మెత్తగా లోపలికి పోయింది. ఆ వేలికి అంటిన ఇసుక నాలిక్కి తగిలించుకుంది. ఉప్పు. పెట్టె మీద మెటికలతో కొట్టి చూసింది. కింద రెండు జానల మేర బరువుగా పలికింది. ఆ పైనంతా ఖాళీ డబ్బాలాగా మోగింది.

ముందువైపు ఫొటో హడావుడి. పుస్తకం అట్టకి బొమ్మ కావాలని ఫొటోగ్రాఫరు పొద్దున్నే వచ్చాడు. ఆరుగురమ్మాయిలు ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటున్నారు.

"పెట్టె మీద కూర్చున్న ఇద్దరూ దిగి ముందుకి రండమ్మా. ఆ, అలాగ. ఇప్పుడు పొడుగమ్మాయి రింగుకి వేలాడాలి. పక్కనే ఇంకో అమ్మాయి కూడా."

"వద్దు! దిగు!" అని అరిచింది. పిల్లల గోలలో ఎవరికీ వినబడలేదు.

కూతురు ఎగిరి రింగు పట్టుకుంది. పక్కనున్న బల్ల ఎక్కి ఇంకో అమ్మాయీ అందుకుంది. ఇనుము కిర్రుమంది. ఆమె కళ్ళ ముందే వెనక చక్రం నేలని వదిలింది. ముందు వేలు మందం. తర్వాత అరచెయ్యి మందం. చక్రం కిందనుంచి వెలుగు కనిపించింది.

ఆమె ఆలోచించలేదు. రెండు చేతులూ చాచి, ఒళ్ళంతా ఆ పెట్టె మీద పడేసింది. గడ్డం రేకుకి కొట్టుకుంది. చక్రం ధన్‌మని నేల మీద కూర్చుంది. బరువు తగ్గమని పదేళ్ళుగా ఇంటిల్లిపాదీ చెబుతూనే ఉన్నారు. తగ్గలేదు, నయం.

"అక్కా, కొంచెం తప్పుకోండి, మీ చీర కొంగు ఫొటోలో పడుతోంది" అన్నాడు ఫొటోగ్రాఫరు.

"దింపు. వాళ్ళని దింపు. ఒక్కొక్కళ్ళనీ, మెల్లిగా."

ఆ గొంతు విని అతను కెమెరా కింద పెట్టేశాడు. పిల్లలిద్దరూ దిగేదాకా ఆమె పెట్టె మీదనుంచి లేవలేదు.

"ఏంటమ్మా, అందరిముందూ పరువు తీశావు!" కూతురు మొహం ఎర్రబడింది.

"పరువు రేపు వెతుక్కుందువుగాని. ముందు ఇంటికి నడు. మీరూ నడవండి పిల్లలూ. కోర్టు అవతలి చివరున్న స్టాండు దగ్గరికి కూడా ఎవరూ వెళ్ళొద్దు."

ఇంటికొచ్చి అట్టపెట్టెలు బోర్లించింది. భయం వేసినప్పుడు చేతులకి పని చెప్పడం ఆమె అలవాటు. వేరే ఏదీ ముట్టకుండా, స్టాండ్ల గురించి క్లబ్బులు రాసిన ఉత్తరాలన్నీ ఏరింది. "స్టాండు అడుగు తుప్పు పట్టినది, దయచేసి మాటు వేయించగలరు." ఇలాంటివి ఆరు. రాస్తున్నప్పుడు వీటిని చిల్లర విషయాలని పక్కన పడేసింది. ఇప్పుడు ఆరు క్లబ్బుల పేర్లూ, అవి పుట్టిన సంవత్సరాలూ ఒక కాగితం మీద రాసి చూసుకుంది. ఆరూ గత ఇరవై రెండేళ్ళలో పుట్టినవే. అంతకుముందున్న పన్నెండు క్లబ్బుల్లో ఒక్కదాన్నుంచీ ఉత్తరం లేదు. అవే స్టాండ్లు, అదే వెల్డరు, అదే ఒడ్డు. పాతవి గట్టిగా నిలబడటమేమిటి, కొత్తవి కుళ్ళడమేమిటి?

మొదటి క్లబ్బు మొదటి సమావేశం పుస్తకంలో, నాలుగో పేజీలో సమాధానం దొరికింది. "ఇసుకను మూడు నీళ్ళు పోసి కడిగి, ఎండబెట్టి, ఆ తర్వాతనే పెట్టెలో పోయవలెను." రెండో క్లబ్బునుంచి ఆ ముక్క లేదు. "ఇసుక పోయడమైనది" అని మాత్రమే ఉంది. కడగడం సమావేశాల్లో జరిగే పని కాదు కాబట్టి పుస్తకాల్లోకి ఎక్కలేదు. ఆ పని చేసింది ఆమె అత్తగారు.

కాగితం మీద అక్షరాలు అలుక్కుపోయాయి.

కొత్తగా కాపురానికొచ్చిన రోజుల్లో, పెరట్లో గంగాళాల ముందు గొంతుక్కూర్చుని అత్తగారు ఇసుక కడుగుతుండేది. బియ్యం కడిగినట్టే మూడు నీళ్ళు. మూడో నీళ్ళు వేలితో నాలిక్కి రాసుకుని, ఉప్పు తగిలితే నాలుగోసారి. "నువ్వూ పట్టు అమ్మాయ్" అనేది. ఎందుకో చెప్పలేదు. అత్తగారి శుభ్రం పిచ్చిలో ఇదొకటనుకుని కోడలూ అడగలేదు. ఇరవై రెండేళ్ళ కిందట ఆవిడ పోయింది. ఆ ఏడే పదమూడో క్లబ్బు వాళ్ళొచ్చి, "వదినా, ఇసుక కడిగారా?" అని అడిగారు.

"ఇసుకని కూడా కడుగుతారా ఎవరైనా? దానికి తలంటు కూడా పొయ్యమంటారా?" అందామె.

అందరూ పగలబడి నవ్వారు. ఆ మాట క్లబ్బునుంచి క్లబ్బుకి పాకింది. ఆ తర్వాత ఎవరూ అడగలేదు. పదమూడు నుంచి ముప్పై ఒకటి దాకా, కూతురి క్లబ్బుతో సహా పంతొమ్మిది. తన ఒక్క జోకుకి పంతొమ్మిది చోట్ల, చోటుకి రెండేసి ఇనప పెట్టెల్ని ఉప్పు లోపల్నుంచి తినేస్తోంది. వాటి కింద ఈ నిమిషాన ఎవరి పిల్లలు ఎగురుతున్నారో తెలియదు.

అన్నానికి అందరూ కూర్చునేసరికి ఒంటిగంటయింది. బల్ల మీది కాగితాలు ఒక పక్కకి జరిపి వడ్డించింది. భర్త తలెత్తి ఆమె మొహం చూశాడు.

"ఏమే, గడ్డం మీద ఆ దెబ్బేంటి?"

"అమ్మ స్టాండు మీద పడింది నాన్నా. ఫొటో పాడుచేసింది" అంది కూతురు.

"స్టాండు లేచింది. ఇది రింగుకి వేలాడుతుంటే వెనక చక్రం ఇంతెత్తు లేచింది." అరచెయ్యి నిలబెట్టి చూపించింది. "నేను ఒక్క అడుగు దూరంగా ఉంటే, ఇప్పుడు ఇక్కడ మనం అన్నం తింటూ ఉండం."

కూతురు చేతిలో ముద్ద కంచంలో జారింది. మామగారు నమలడం ఆపాడు. స్టాండ్ల గురించి ఒక్క పొల్లు మాట అన్నా ఆయన లేచి వెళ్ళిపోతాడని ఇంట్లో అందరికీ భయం. ఆ భయం పొద్దుటి భయం ముందు ఇప్పుడు ఆనలేదు. ఉత్తరాలు, తేదీలు, నాలుగో పేజీ, ఒక్కటీ దాచకుండా చెప్పింది.

"ఆ ఆరు క్లబ్బులకీ నేనే మాట్లు వేశాను" అన్నాడు మామగారు. "ముసలాడి చూపు తగ్గింది, అతుకు సరిగ్గా పడలేదంటారని ఎవరికీ చెప్పలేదు. లోపల ఉప్పుందని తట్టలేదమ్మా నాకు. కడగడం అంతా మీ అత్త చూసుకునేది."

"అత్తయ్య చూసుకున్నారు మామయ్యా. మానేసింది నేను. నవ్వులాట చేసి మానేశాను."

"ఆ ముక్క పుస్తకంలో అక్కర్లేదులే" అన్నాడు భర్త గబగబా. "చూడూ, సోమవారం నుంచి ఒక్కొక్కటీ బాగుచేయిద్దాం. రేపటికి మాత్రం, ఎవరూ రింగు పట్టుకోవద్దని చెబితే చాలదూ? ఏడాదిగా కష్టపడ్డారందరూ."

"చెబితే మీ కూతురు వింటుందా?"

అతను కూతురి వైపు చూశాడు. అది తల దించుకుని, "వినను నాన్నా" అంది. "రింగు అందిందంటే పట్టుకోకుండా ఉండలేం."

"పోనీ ఆ పంతొమ్మిదీ ఆపుదాం. పాత పన్నెండూ గట్టివేనన్నావుగా?"

"గట్టివేమో. మొదటి క్లబ్బులో బస్తా తీసినప్పుడల్లా కొత్త ఇసుకే నింపారు. తక్కినవాళ్ళు మధ్యలో ఏం నింపుకున్నారో నాకు తెలీదు. ఏమో అనుకుంటూ పిల్లల్ని నిలబెట్టలేను."

ఆమె గరిటె గిన్నెలో పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చుంది. వడ్డన మధ్యలో ఆమె కూర్చోవడం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు.

"రేపు ఎక్కడా ఆట లేదు. ముప్పై ఒక్క చోట్లా లేదు. అన్నాలయ్యాక మీరు నాకు నంబర్ల పుస్తకం ఇవ్వండి, అందరికీ నేనే ఫోన్ చేస్తాను. స్టాండ్ల దగ్గరికి ఎవర్నీ రానివ్వొద్దని చెబుతాను. ఎందుకని అడుగుతారు. అదీ నేనే చెబుతాను."