ఇరవై నాలుగు అంగుళాలు

ఆవేళ తెల్లారేసరికి ఆకాశం వెలిసిపోయిన షామియానా గుడ్డలా ఉంది. తూర్పున మడ అడవుల మీద కాస్త ఎరుపు అంటుకుని, అంతలోనే వదిలిపోయింది. మబ్బులు ఈశాన్యం నుంచి ఒకదాని వెనక ఒకటి తొందర లేకుండా పోతున్నాయి. నాగరత్నం గడప మీద కూర్చుని, దబ్బనంతో పరుపు చివరి అంచు కుడుతూ వాటిని చూసింది. గాలి అనుకున్నట్టే ఉంది. ఈ గాలి కోసమే ఆమె భర్త కుక్కుటేశ్వరరావు కార్తీకం వెళ్లేదాకా ఆగాడు.

నాగరత్నం యాభై ఆరేళ్ల మనిషి. పొట్టి. తాళ్లరేవు టెంట్ హౌసులో ముప్పై ఏళ్లు షామియానాలు కుట్టి కుట్టి కుడి భుజం రెండు వేళ్లు కిందికి దిగింది. బొటనవేలి గోరు సూది పోట్లకి మొద్దుబారింది. కొలత టేపు మెడలో ఎప్పుడూ వేలాడుతూనే ఉంటుంది. నిన్నటితో ఆ పనీ మానేసింది. షాపు యజమానురాలు శ్యామలాంబ మిషను మీద అప్పుడే ఇంకో పిల్లని కూర్చోబెట్టి, "సముద్రం మీద ఎవరి పెళ్లికేస్తావే పందిరి?" అని నవ్వింది. "చేపల పెళ్లికండి" అంది నాగరత్నం.

కుక్కుటేశ్వరరావు కాకినాడ రేవులో టగ్గు మీద ముప్పై మూడేళ్లు చేశాడు. ఇంకొకడు వెళ్లమన్న చోటికి వెళ్లడం, రమ్మన్నప్పుడు రావడం. ఇంజను చప్పుడు లేకుండా, సొంత తెరచాప పడవ మీద, గాలి ఎటు తోలితే అటు, తీరం పట్టుకుని మలబారు దాకా రెండేళ్లు పోవాలని అతని కోరిక. ఎనిమిదేళ్ల కిందట ఆ మాట అన్నప్పుడు ఆమె ఒక్కటే అడిగింది, "నేనూనా?" అని. "నువ్వు లేకపోతే వంటెవరు చేస్తారే?" అన్నాడతను.

ఆ జవాబు మీద ఆమె ఎనిమిదేళ్లు నడిచింది. తండ్రి పసుపు కుంకుమ కింద రాసిచ్చిన పెంకుటిల్లు పడవ ఖర్చుకి అమ్మి, టెంట్ హౌసు వెనక ఒక్క గదిలోకి మారారు. పందిరిమంచం పోయింది, బీరువా పోయింది, గొలుసు పోయి పసుపుతాడు వచ్చింది. ఉన్న గిన్నెల్లో నాలుగు ఉంచుకుంది. పడవ ఊపుకి కడుపులో తిప్పుతుందేమోనని ఆదివారం ఆదివారం కోటిపల్లి వెళ్లి, పంటు ఎక్కి గోదావరి మీద అటూ ఇటూ తిరిగేది. మొదట్లో కక్కుకుంది. టిక్కెట్లవాడు "ఏంటి పిన్నిగారూ, అవతల దిగరా?" అని ఆటపట్టించేవాడు. రెండో ఏడాదికల్లా వక్కపొడి నములుతూ ఒడ్డు చూడకుండా కూర్చోవడం వచ్చింది.

తెరచాప ఆమే కుట్టింది. పడవ లోపల మాత్రం చూడలేదు. నీళ్లలో పడేదాకా ఆడమనిషి అందులో కాలు పెట్టకూడదని పడవ కట్టే వెంకన్న మేస్త్రి కట్టడి. పని మొదలుపెట్టి పడవకి అడుగుదూలం వేసిననాడు ఒడ్డున నిలబడే దానికి పసుపు రాసి బొట్టు పెట్టింది. మళ్లీ అటు పోలేదు. పడవ నిన్ననే నీళ్లలో పడింది. మధ్యాహ్నం పాటు తీసి నీళ్లు సముద్రం వైపు మళ్లేవేళకి బయలుదేరాలి. సాయంత్రానికి ఈ గది ఇంకొకరిది.

తొమ్మిదింటికి పరుపూ, వంట గిన్నెలూ ఆటోలో వేయించుకుని పడవల తావుకి వెళ్లింది. పడవ దింపినవాళ్లకి యజమాని భార్య అన్నం వడ్డించడం అక్కడి ఆనవాయితీ. కుక్కుటేశ్వరరావు మంచినీళ్ల డ్రమ్ముకి తాడు కడుతున్నాడు. ఆమెని చూసి చేతిలో పని ఆపలేదు.

ఒడ్డునించి పడవకి వేసిన పలక మీదుగా నడిచి, కుడికాలు పెట్టి పడవలోకి దిగింది. కొత్త చెక్క వాసన, వేపనూనె వాసన. కప్పు కింద ఒక పక్క పొయ్యి, ఇంకో పక్క చెక్క పడక. పరుపు పరిచింది. సగం పట్టి, సగం కిందికి జారింది. మెడలో టేపు తీసి పడక వెడల్పు కొలిచింది. ఇరవై నాలుగు అంగుళాలు.

"మేస్త్రిగారూ, రెండో పడక ఎక్కడండీ?"

వెంకన్న పైనించి తొంగి చూశాడు. "రెండోదేంటండి వదినగారూ? అన్నయ్యగారు ఒక్కటే చెప్పారు కదండి. నీళ్ల డ్రమ్మే ఒక మనిషి చోటు తినేస్తుందండి."

"ఎప్పుడు చెప్పారు?"

"దూలం వేసిన్నాడేనండి. మీరు పసుపు రాస్తుంటే…" అని ఆమె మొహం చూసి ఆగిపోయాడు. మెల్లిగా తల వెనక్కి తీసుకున్నాడు.

కుక్కుటేశ్వరరావు దిగొచ్చాడు. కప్పు తగలకుండా వంగి నిలబడ్డాడు.

"కొన్నాళ్లు మీ అక్క దగ్గరుంటావనుకున్నాను" అన్నాడు.

"మా అక్కకి తెలుసా?"

"చెప్పాను."

బయట ఉలి చప్పుడు ఆగింది. పనివాళ్లు వింటున్నారని ఆమెకి తెలిసింది. వాళ్లకీ ఎప్పుడో తెలుసుననీ అప్పుడే తెలిసింది.

"నాకెందుకు చెప్పలేదు?"

అతను పొయ్యి వైపు తిరిగాడు. "చెబితే ఇల్లు అమ్మనిచ్చేదానివా రత్నం?"

ఆమె ఏడవలేదు. టేపు మడిచి, సంచిలోంచి కత్తెర తీసింది. ఇరవై నాలుగు అంగుళాల దగ్గర సుద్దతో గీత గీసి, పరుపుని నిలువునా కోసింది. బూరుగుదూది చెక్కల మీద తేలింది. కోసిన చోటు అలాగే వదిలెయ్యడం ఆమె చేతికి చేతకాదు. దబ్బనం ఎక్కించుకుని, ఈ చివరనించి ఆ చివరదాకా దగ్గర దగ్గర కుట్లు వేసి దూది బయటికి రాకుండా మూసింది. పడక మీద పరిచి అరచేత్తో సర్దింది. సరిగ్గా పట్టింది. అతను అక్కడే నిలబడి చూశాడు. "అక్కర్లేదు" అని ఒక్కసారి అన్నాడు గానీ, ఆమె చెయ్యి ఆగలేదు. మిగిలిన సగం చుట్టి చంకన పెట్టుకుని ఒడ్డెక్కింది.

మధ్యాహ్నం తాటాకుల పాక కింద విస్తళ్లు వేసింది. నలుగురు పనివాళ్లు, మేస్త్రి, ఆ చివర కుక్కుటేశ్వరరావు. అన్నం, ముద్దపప్పు, చింతకాయ రొయ్యలు. అందరికీ వడ్డించి, వాళ్లు తిన్నాక తినవలసిన మనిషి, ఏడో విస్తరి వేసుకుని భర్తకి ఎదురుగా కూర్చుంది. వెంకన్న తన విస్తరి కాస్త పక్కకి జరుపుకున్నాడు. కారం చాల్లేదని గానీ, ఇంకాస్త వెయ్యమని గానీ ఎవరూ అనలేదు. నలుగురూ తలలు విస్తళ్లలోకి వంచుకున్నారు. గాలికి పాక మీద ఆకు టపటపలాడుతోంది.

పాయలో నీళ్లు వెనక్కి తిరిగాయి. ఒడ్డున బురద వేలెడంత బయటపడింది. కుక్కుటేశ్వరరావు అటు చూసి, సగం అన్నంలో లేచాడు. ఆమె వైపు తిరిగాడు. ఆమె పప్పులో నెయ్యి కలుపుకుంటోంది. అతను పలక ఎక్కిన చప్పుడైంది, తాడు నీళ్లలో పడిన చప్పుడైంది. తెరచాప గాలి పట్టుకుని ఒక్కసారి చెళ్లుమంది.

ఎవరూ తల ఎత్తలేదు. ఆరుగురూ తింటూనే ఉన్నారు. ఆమెకెదురుగా, మడవని విస్తరిలో, చేత్తో కలిపిన ముద్ద వేళ్ల అచ్చులతో అలాగే ఉంది.