నా కడుపు కింద పేరు

నేను ఒక కారుని. ఏ ఇంటి బిడ్డవని అడిగితే మాత్రం చెప్పలేను. ఒళ్లు వేలంలో దొరికిన పాత అంబాసిడర్‌ది, ఇంజను ఓ జీపుది, వెనక దీపాలు ఏ లారీవో. అన్నీ కలిపి నన్ను చేసినవాడు విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే మస్తాన్ వలీ. నా పైకప్పు జానెడు కోసి కిందికి దించాడు. చక్రాల మీద రెక్కల్లాంటి మడ్‌గార్డులు అతికాడు. పండుమిరపకాయ రంగు అతని స్నేహితుడు, పెయింటరు నాంచారయ్య చేతి చలవ. నన్ను చూసుకుని నేనే మురిసిపోయాను.

మస్తాన్‌కి ఒక్కటే కోరిక. ఏళ్ల తరబడి అతను కట్టిన లారీల మీద యజమాని పేరుంది, పిల్లల పేర్లున్నాయి, దేవుడి పేరుంది. కట్టినవాడి పేరే లేదు. నా మీదైనా ఓ మూల రాసుకుంటానని నా యజమాని, సినిమా హాలు గంగాధరంగారిని అడిగాడు.

"పెళ్లికార్డు మీద వంటవాడి పేరేస్తారటయ్యా?" అని ఆయన నవ్వేశారు. చెడ్డవారేం కాదు. కొన్న వస్తువుని తామే కన్నామనుకునే రకం, అంతే.

మస్తాన్ మొహం చిన్నబోయింది. అది చూడలేక నాంచారయ్య నా కిందికి దూరి, కడుపు మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాసేశాడు: "కట్టినవాడు మస్తాన్ వలీ, ఆటోనగర్."

"అక్కడ ఎవరు చూత్తార్రా?" అన్నాడు మస్తాన్.

"రోడ్డు చూసుద్దిలే."

అప్పుడొచ్చింది మూఢం. పెళ్లిళ్లు లేక ఖాళీగా పడున్న కల్యాణ మండపంలో, సోకు చేసిన కార్ల ప్రదర్శన పెట్టారు. ఎగ్జిబిషనంటే మైదానంలో రంగులరాట్నం అనుకునే ఊళ్లో, కార్లు గడప దాటి లోపలికి రావడం అదే మొదలు. లోపల పొగ రాకూడదని నాలోని పెట్రోలూ ఆయిలూ వంపేసి, బ్యాటరీ తీసేసి, తోసుకుంటూ తీసుకెళ్లారు.

గుమ్మంలో ఇరుక్కుపోయాను! మస్తాన్ గుమ్మం కొలిచిన మాట నిజమే. మడ్‌గార్డుల్ని ఆ తర్వాత, ముచ్చట కొద్దీ ఇంకాస్త వెడల్పు చేసుకున్నాడు.

వెనక ప్రారంభోత్సవానికి వచ్చిన జనం. గంగాధరంగారికి చెమటలు. "రెక్కలు కోసెయ్యవయ్యా!"

"నా చేతులు కోయండి బాబుగారూ, దాని రెక్కలు మాత్రం కొయ్యను." మస్తాన్ నాకు అడ్డంగా నిలబడ్డాడు. నా ప్రాణం గిజగిజలాడింది.

నాంచారయ్య ముందుకొచ్చాడు. "బీరువాని ఇంట్లోకి ఎట్టా తెత్తామండీ? పక్కకి తిప్పి కాదూ?"

వెంటనే నన్ను వెనక్కి లాగారు. విడిది గదుల్లోని పరుపులన్నీ వచ్చాయి. హమాలీలు వచ్చారు. ఐలెస్సా అంటూ నన్ను పరుపుల మీద పక్కకి ఒరిగించి, మోకులు కట్టి, పెళ్లికూతురి పల్లకీలా ఎత్తారు. ఊరందరి ముందూ నా కడుపు బయటపడింది. సిగ్గుతో చచ్చాననుకోండి!

జనం ఒక్క గొంతుతో చదివారు: "కట్టినవాడు మస్తాన్ వలీ, ఆటోనగర్!" ఈలలు, చప్పట్లు.

"మంచి పనివాణ్ణి పట్టారండీ గంగాధరంగారూ!" అన్నారెవరో.

"మస్తానా! మావాడేనండీ!" అన్నారాయన, అతణ్ణి వంటవాడితో పోల్చిన ఆ నోటితోనే. అంతటితో ఆగలేదు. నన్ను లోపల నిలబెట్టాక, పెళ్లికూతురి గదిలోని నిలువుటద్దం తెప్పించి నా కింద పరిపించారు, ఆ పేరు అందరికీ కనబడాలని.

అద్దంలో అక్షరాలు తిరగబడ్డాయి. జనం మెడలు వంకర్లు తిప్పుతుంటే నాంచారయ్య మళ్లీ నా కిందికి దూరాడు. పాత రాత చెరిపి, అద్దానికి సరిపోయేలా ఒక్కో అక్షరం తిరగేసి రాశాడు. మస్తాన్ అద్దం ముందు గొంతుక్కూర్చుని తన పేరు చూసుకున్నాడు. నవ్వాడు, ఏడ్చాడు, మళ్లీ నవ్వాడు.

ఇప్పుడు నేను గంగాధరంగారి సినిమా హాలు వరండాలో నిశ్చింతగా కూర్చున్నాను. నా కింద దూరిన కొత్త మెకానిక్కులు "ఇదేం భాషరా బాబూ?" అని బుర్ర గోక్కుంటారు. నేను లోలోపల నవ్వుకుంటాను. నన్ను కట్టిందెవరో తెలియాలంటే నా ముందు వంగాలి. వచ్చేటప్పుడు ఓ అద్దం కూడా తెచ్చుకోండి.