అర చక్రం తేడా

ఇంకో రెండు వంపులు, కాదు మూడు, గొర్రెల దొడ్డి దగ్గరి వంపు లెక్కలోకి రాలేదు, సొంత ఊరి కొండను మరిచిపోవడమేమిటి, పన్నెండేళ్ళ వయసు నుంచి తొక్కుతున్న దారి, ముప్పై ఆరేళ్ళ కాళ్ళు మండిపోతుంటే బుర్ర మాత్రం ఏం పనిచేస్తుంది, ఒయెర్ పెదాల మీది ఉప్పు నాకి పెడళ్ళ మీద లేచి నిలబడ్డాడు, పొద్దున ఏడుగురు కలిసి గుంపును విడిచి ముందుకు వచ్చారు, తరువాత ముగ్గురు మిగిలారు, ఇప్పుడు తనొక్కడే, ఏళ్ళ తరబడి చొక్కా నిండా నీళ్ళ సీసాలు కుక్కుకుని జట్టు నాయకులకు మోసుకెళ్ళడం, వాళ్ళకు గాలి తగలకుండా ముందుండి తొక్కడం, అదే తన కొలువు, ఇవాళ ముగింపు గీత తన ఊళ్ళోనే ఉందని మేనేజరే అన్నాడు, పోరా, ఇవాళ ఎవడికీ నీళ్ళు మొయ్యకు, నీకోసం తొక్కుకో అని, దారికి రెండు పక్కలా ఎరుపు, పచ్చ, తెలుపు బాస్క్ జెండాలు, కాలుతున్న సాసేజీల వాసన, ఎవరో చెవి పక్కనే తొక్కు ఒయెర్ తొక్కు అని గొంతు చించుకుంటున్నారు, ఆ అరుపుల కింద ఇంకో చప్పుడు, గొలుసు చప్పుడు, తనది కాదు.

తిరిగి చూడకుండానే తెలిసింది, దువార్తె, ఆ పోర్చుగీసు కుర్రాడే, ఇరవై రెండేళ్ళవాడు, రోజుల తరబడి సాగే ఈ పందెం మొత్తానికి ముందున్నవాడికిచ్చే పసుపు జెర్సీ వాడి ఒంటి మీదే ఉంది, రేపటితో పందెం వాడిదేనని అందరికీ తెలుసు, ఇంకా ఈ ఒక్క రోజు గెలుపు కూడా కావాలా వీడికి, ఒయెర్ దొడ్డి వంపు దగ్గర ఉన్న సత్తువంతా పెట్టి తొక్కాడు, అక్కడి నిటారు ముక్క పరాయివాళ్ళకు తెలియదు, కుర్రాడు రెండు బారలు వెనకబడ్డాడు, మళ్ళీ అతుక్కున్నాడు, మళ్ళీ వెనకబడ్డాడు, మళ్ళీ వచ్చాడు, నోరు తెరుచుకుని, చొంగ కారుస్తూ, నిజంగానే అవస్థ పడుతున్నాడు, నటన కాదు, అది చూసి ఒయెర్‌కు ఎక్కడో సంతోషం వేసింది, కొండ కొస దాటి ఊళ్ళోకి దిగేటప్పటికి ఇద్దరూ జంటగానే ఉన్నారు, మిగతావాళ్ళు రెండు నిమిషాలు వెనక.

కిలోమీటరు మిగిలిందనగా కుర్రాడు పక్కకు వచ్చాడు, పోర్చుగీసు యాసలో స్పానిష్, అన్నా, ఇది మీ ఊరంట కదా, నువ్వే ముందు దాటు, నాకు జెర్సీ చాలు అన్నాడు, మంచితనంగానే అన్నాడు, ఒయెర్ మాత్రం పాత పందెం తలుచుకున్నాడు, తొమ్మిదేళ్ళ కిందట పసుపు జెర్సీలో ఉన్న ఇంకో పెద్దాయన ఇలాగే అని, గీత ముందు అందరికీ కనబడేలా బ్రేకు పట్టి, నవ్వుతూ తన వీపు తట్టాడు, అదే ఒయెర్ జన్మలో గెలిచిన ఒకే ఒక్క పందెం, ఆ రోజు నుంచి ఆపిల్ సారా అమ్మే సైడర్ కొట్లో ఎవరు కలిసినా అదే మాట, ఆ పెద్దాయన నీకిచ్చిన పందెం ఉందే అని, గెలిచిన పందెం అని ఒక్కడూ అనడు, ఒరే తమ్ముడూ అన్నాడు ఒయెర్ రొప్పుతూ, నువ్వు బ్రేకు మీద వేలు పెట్టావంటే ఇక నీ మొహం చూడను, కుర్రాడు ఒక్క క్షణం తేరిపార చూశాడు, నిజంగా తొక్కమంటావా అన్నా, నేను ఆగను మరి, ఆగకు అన్నాడు ఒయెర్, తరువాత తిట్టుకోకూడదు అన్నాడు కుర్రాడు, ముందు గెలిచి చూపించరా, అంతే, ఇద్దరికీ నవ్వొచ్చింది, నవ్వుతూనే గేర్లు మార్చారు, గీతకు రెండు వందల మీటర్లు, ఒయెర్ ముందు లేచాడు, చర్చి గంట, జెండాలు, తెల్లని గీత, కుర్రాడి భుజం తన భుజం పక్కన, ఇంకా పక్కన, తరువాత ముందు, అర చక్రం తేడా.

ఈలలు మొదలయ్యాయి, మెచ్చుకునే ఈలలు కావు, ఇక్కడ మనిషిని తరిమేసేటప్పుడు వేసే ఈలలు, ఊరు ఊరంతా, బేకరీ ఇనాషి ముసలమ్మ ఇనుప కంచె మీదికి వంగి, సిగ్గులేదట్రా, ముసలాడి నోటికాడ కూడు లాక్కున్నావ్ అని అరుస్తోంది, తనా ముసలాడు, అన్నీ నీకే కావాలా ఆశపోతు వెధవా అని ఇంకెవరో, కుర్రాడు సైకిలు మీదికి ఒరిగి ఊపిరి తీసుకుంటున్నాడు, మైకు పట్టుకున్నతను నేరుగా అడిగేశాడు, పసుపు జెర్సీ ఎలాగూ నీదే కదా, ఈ ఊరి మనిషికి ఈ ఒక్కటీ వదిలేస్తే ఏం పోయేది, ఇప్పుడు చెప్పేస్తాడు, ఒయెర్‌కు అనిపించింది, నేనిస్తానన్నాను ఆయనే వద్దన్నాడు అని ఒక్క ముక్క అంటే చాలు, ఈలలన్నీ చప్పట్లవుతాయి, రేపు పేపర్లలో వీడు దేవుడు, కుర్రాడు తల తిప్పి ఒయెర్ వైపు చూశాడు, మైకు వైపు తిరిగాడు, ఆయన కొండ మీద నన్ను రెండుసార్లు వెనకేసి పోయాడండీ, అలాంటి మనిషి పక్కనుంటే భయంతో తొక్కాను, అంతే అన్నాడు, ఈలలు ఇంకా పెరిగాయి, తల వంచుకుని నిలబడ్డాడు.

ఇన్నేళ్ళూ ఒయెర్ తల వంచడం తనలాంటి నీళ్ళు మోసేవాళ్ళ పని అనుకున్నాడు, పేరూ జెర్సీ ఉన్నవాడికి ఆ అవసరమే లేదనుకున్నాడు, ఈ పిల్లాడు, ఇస్తానన్నా గెలవలేకపోయాడన్న మాట ఒయెర్ మీద పడకూడదని, పరాయి ఊళ్ళో నిలబడి తిట్లు తింటున్నాడే, మరి తనేం చేస్తున్నాడు, సీసాలో నీళ్ళు తాగుతూ ఊరి జాలిని జేబులో వేసుకుంటున్నాడు, ఒయెర్ సైకిలును కంచెకు ఆనించి వెళ్ళి మైకు లాక్కున్నాడు, తన భాషలో, బాస్క్‌లో, ఇనాషీ, ఆపవే ఆ గోల, వీడు నాకు గెలుపు ఇస్తానన్నాడు, నేనే వద్దన్నాను, బ్రేకు పడితే మొహం చూడనన్నాను, మాట నిలబెట్టుకున్నాడు, నాకు చేతనైనంతా తొక్కాను, ఓడిపోయాను, ముందుగా కదిలింది ఇనాషి, ఒరేయ్ పిచ్చినాయనా, మరి ఇంతసేపూ ఎందుకురా ఊరికే తిట్లు తిన్నావు అంటూ కంచె మీంచి చేతులు చాచి కుర్రాడి బుగ్గలు పట్టుకుంది, చప్పట్లు ఆ కొస నుంచి ఈ కొసకు పాకాయి, ఒక్క ముక్కా అర్థం కాక కుర్రాడు ఒయెర్ చొక్కా లాగాడు, ఏం చెప్పావన్నా వీళ్ళకి, నన్ను కొట్టరు కదా, ఒయెర్ వాడి తడి మెడ మీద చెయ్యి వేశాడు, నువ్వే గట్టోడివని చెప్పానురా అన్నాడు, అంటున్నప్పుడు ఎక్కడా నొప్పి లేదు, వెతికి చూసుకున్నాడు, లేదు, ఓడితే ఇలాంటివాడి చేతిలోనే ఓడాలి అనిపించింది.